ఓటి కుండల్లో గొడుగులు

కోసిగి దగ్గరి ఆ చిన్న ఊళ్లో ఈరక్క నోరు ఊరుకునే నోరు కాదు. ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. యాభై రెండులో, చినుకు రాలని ఆ కరువు ఏట, తన మిరప కుండల్లో పుట్టగొడుగులు లేచాయని పొద్దున్నే వీధి వీధంతా పిలిచి చూపించింది ఆమే.

మిరప కుండలంటే వాకిట్లో గోడ వారన వరసగా పెట్టిన తొమ్మిది ఓటి కుండలు. వాటిలో ఉన్నది ఆమె పుట్టింటి మిరప. చేలో వేసిందంతా ఎండిపోయింది. ఈ తొమ్మిది చెట్లూ కాయలు పండేదాకా బతికితేనే వచ్చే ఏటికి విత్తనం. లేకుంటే ఆ మిరప అంతటితో సరి. అందుకే వాటిని చంటిబిడ్డల్ని సాకినట్టు సాకుతోంది. ఆ పొద్దు మూడు కుండల్లో, మిరప మొదళ్ల పక్కనే, వేలెడెత్తున తెల్లటి గొడుగులు విచ్చుకుని కనబడేసరికి ఆమె ఆనందం పట్టనలవి కాలేదు.

"రాండి, అందరూ రాండి! మీ చేన్లల్లో గడ్డి గూడా మొలచలే, నా కుండల్లో గొడుగులు లేసినాయి సూడండి!"

వచ్చినవాళ్లు చూశారు, ముక్కున వేలేసుకున్నారు. తర్వాత ఆ వేలే ఆమె వైపు చూపించారు.

గొడుగులు లేవాలంటే మట్టిలో తడి ఉండాలి కదా. ఊళ్లో నీళ్లున్నది ఒక్క బావిలోనే. ఇంటికి రోజుకు రెండు కడవలని పెద్దలు కట్టడి చేశారు. ఆ వంతులు చూసేవాడు నీరుగంటి శేషన్న. చెరువు ఎండి, పొలాలకు పారించే నీళ్లు లేక, ఇప్పుడు బావి గట్టున కూర్చున్నాడు. మంచివాడే గానీ, వంతు దగ్గర కన్నకొడుకునైనా వదిలే రకం కాదు. వచ్చి కుండలో మట్టి తీసి పిడికిట్లో నొక్కాడు. అది ముద్దయింది.

"రెండు కడవల్తో ఇంత తడి ఎట్ల వచ్చెనమ్మా? నేను లేనప్పుడు తోడుకుంటాండావా?"

"నేనట్లాంటిదాన్ని కాదన్నా. నాకొచ్చేవి రెండే."

"మట్టి అట్ల సెప్పలేదే! రేపట్నుంచి నీకు ఒక్క కడవే."

ఒక్క కడవంటే గొంతు తడుపుకోవడానికే చాలదు, చెట్లు మూడు రోజులు కూడా నిలవవు. చెట్ల సంగతి అటుంచి, నలుగురిలో దొంగ అనిపించుకోవడం ఆమెకు చావుతో సమానం. అత్త గిడ్డమ్మ చెవిలో అంది: "కాళ్లు పట్టుకోమ్మే. పోనీలే అంటాడు."

"పట్టుకుంటే దొంగతనం ఒప్పుకున్నట్లే అత్తా," అని ఈరక్క అందరికీ వినబడేటట్టే అంది. ఆపైన శేషన్న వైపు తిరిగింది. "అన్నా, ఒక్క కడవ మాట ఎల్లుండి సెప్పు. రేపు పొద్దుగూకేదాకా మా అరుగు మీద కూచో. నా నీళ్లు యాడికి పోతాయో నీ కండ్లతో సూడు. ఒక్క చెంబు ఎక్కువ కనబడినా ఈ చెట్లు నేనే పీకి పారేస్తా."

శేషన్న పంతం గలవాడు. తెల్లారి బావి దగ్గర ఇంకొకర్ని పెట్టి మరీ వచ్చి కూర్చున్నాడు.

ఈరక్క కొర్రలు కడిగింది. ఆ తెల్లటి కడుగు పారబోయకుండా బానలో పోసింది. ఆ నీళ్లతోనే గిన్నెలు కడిగి, మెతుకులతో సహా మళ్లీ బానలోకే వంచింది. అత్తను బండ మీద కూర్చోబెట్టి రెండు చెంబులతో నీళ్లు పోసింది. ఆ నీళ్లు కాలువ వెంట ఒక మూకుడులోకి దిగాయి. మధ్యాహ్నం అవన్నీ దోసిళ్లతో మిరప మొదళ్లకు పోసి, ఎండ తగలకుండా మొదళ్ల చుట్టూ కుండల మూతులకు తడి గోనెపట్టలు కప్పింది. చుక్క కూడా నేల మీద పడలేదు.

"కుడితి ఎనుముకు గదమ్మా పోసేది?" అన్నాడు శేషన్న.

"ఎనుము యాడుందన్నా? గడ్డి లేక మా ఆయన దాన్ని తుంగభద్ర అవతలికి తోలుకపోయినాడు. అది తాగే కుడితి ఇప్పుడు ఇవి తాగుతాండాయి. కుండల అడుగున ఉండేది గూడా దాని పాత పేడే."

శేషన్న లేచి గోనెపట్ట ఎత్తి చూశాడు. మాగిన పేడ, మెతుకుల కుడితి, నీడ. గొడుగులు లేవక ఏం చేస్తాయి! సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు బావి దగ్గర ఊరంతా ఉండగా గట్టు మీద నిలబడ్డాడు.

"ఈరక్క దొంగ కాదు. తప్పు నాది. నలభై ఏండ్లుగా నీళ్లు పారిస్తాండా, నీళ్ల చేత ఇంత పని చేయించేది నాకు రాదు. ఇగ ఆమెకు రోజూ మూడు కడవలు. ఎవురూ అడ్డం సెప్పొద్దు."

ఎవరూ చెప్పలేదు. చెప్పింది ఈరక్కే.

"వద్దన్నా, రెండే సాలు. మూడోది పోసుకుంటే ఆ గొడుగులు నీ కడవతో లేసినాయంటారు. అవి నా కుడితితో లేసినాయి."

తల మీద ఒకటి, చంకన ఒకటి పెట్టుకుని ఆమె కదిలింది. మొన్న వేలెత్తి చూపినవాళ్లు కడవలు పట్టుకుని దారికి అడ్డంగా అట్లాగే నిలబడిపోయారు. వాళ్ల మధ్యలో నుంచి గిడ్డమ్మ గొంతు ఖంగుమంది:

"జరగండమ్మా, జరగండి! మా కోడలొస్తాండాది!"