గురక పెట్టే ల్యాప్‌టాప్

మధ్యాహ్నం రెండు కాగానే చిక్కడపల్లిలోని తన ఇంట్లో భాగ్యశ్రీ మెయిన్ స్విచ్ ఆపేసేది. ఫ్యాను, ఫ్రిజ్, ఏ చప్పుడూ లేని ఆ గంటలో పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గ్రూప్-2 పుస్తకాలు పైకి చదివి రికార్డు చేసేది. చూపులేని విద్యార్థుల కోసం ఆ పని మొదలుపెట్టి ఏడాదైంది. అందరికంటే ముందు వినేది రచన. పుట్టుకతోనే చూపు లేని ఆ అమ్మాయి అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పాఠం విని తప్పులు చెప్పే బాధ్యత తనే తీసుకుంది.

ఒకరోజు రచన ఫోన్ చేసింది. గొంతులో నవ్వు ఆగడం లేదు.

"అక్కా, నువ్వు చదువుతుంటే పక్కన బావ పడుకుంటున్నడా?"

"లేదే, దుకాణంల ఉంటడు. ఏమైంది?"

"పంచాయతీరాజ్ పాఠం మొత్తం సన్నగ గురక వినిపిస్తుంది!"

సాయంత్రం రంగుల దుకాణం నుంచి వచ్చిన భర్త ప్రేమ్‌సాగర్‌కు ఈ సంగతి చెబితే, "నేను అసలు గురకనే పెట్ట" అని అలిగాడు. భాగ్యశ్రీ అతణ్ని వదిలేసి ల్యాప్‌టాప్‌కు చెవి ఆనించింది. గురక అక్కడిదే. లోపల హార్డ్ డిస్క్ గిర్రున తిరుగుతోంది, మధ్యమధ్య కిటుక్కుమంటోంది.

మరునాడు ఇంకో చిక్కు వచ్చింది. పాఠం ఇంకా పది నిమిషాలుందనగా బ్యాటరీ అయిపోయి ల్యాప్‌టాప్ ఆగిపోయింది. ఇక లాభం లేదని భాగ్యశ్రీ రచనను వెంటబెట్టుకుని నారాయణగూడలో కంప్యూటర్లు బాగుచేసే కరుణాకర్ దుకాణానికి వెళ్లింది.

"ఈ మోడల్‌కు కొత్త బ్యాటరీ దొరకదు మేడం. డిస్కన్న మారుద్దాం," అంటూ అతను కొత్త హార్డ్ డిస్క్ ఒకటి తీసి కరెంటు ఇచ్చాడు. "చవకల వస్తది, జాగ కూడా ఎక్కువ."

రచన వంగి వింది. "అన్నా, ఇది కూడ బావ లెక్కనే పడుకుంది!"

కరుణాకర్‌కు ఆ మాట అర్థం కాలేదు. భాగ్యశ్రీ సంగతి చెప్పాక పగలబడి నవ్వి, హార్డ్ డిస్క్‌కు బదులు వాడే ఎస్ఎస్‌డీలు రెండు తెచ్చి పెట్టాడు. వీటిలో తిరిగే భాగాలేవీ ఉండవనీ, చప్పుడే రాదనీ చెప్పాడు. ఒకటి ఖరీదైంది, చాలా వేగం. రెండోది మామూలుది.

"మీరు రోజూ రికార్డు చేస్తరు, కోస్తరు, మళ్ల రాస్తరు. డేటా ఎక్కువ రాస్తే ఇవి అరుగుతయి. ఖరీదుదే తీసుకోన్రి."

"మామూలుది ఎంత రాసేదాక ఆగుతది?" అని అడిగింది రచన.

అతను అట్ట తిప్పి చూశాడు. "నూట ఇరవై టీబీ."

"అక్కా, రోజుకు ఎంత రాస్తవు?"

"ఎంత ఎక్కువేసుకున్నా పది జీబీ."

రచన పెదవులు రెండు క్షణాలు కదిలాయి. "టీబీకి వెయ్యి జీబీలు. అంటే పన్నెండు వేల రోజులు. ముప్పై రెండేండ్లు దాటుతది అన్నా! అప్పటికి నేనే రిటైరయిత."

కరుణాకర్ తల గోక్కున్నాడు. "గట్లయితే అరుగుడు ముచ్చట వదిలేద్దాం."

"మరి కరెంటు ఏది తక్కువ తింటది?" అని భాగ్యశ్రీ అడిగింది. తనకు అసలు కావలసింది అదే. అతను రెండు అట్టల మీది చిన్న అక్షరాలు చదివి, నిజాయితీగా మామూలుదాన్నే ముందుకు జరిపాడు. "రాసేటప్పుడు వేగందానికి దీనికంటే రెండింతలు కావాలె. ఇది పెడితే పాత డిస్క్ కన్నా మీకు బ్యాటరీ పావుగంట దాక కలిసొస్తది. అంతకన్నా ఆశ పెట్టుకోకున్రి."

పావుగంట చాలనుకుంది భాగ్యశ్రీ. అతను అక్కడికక్కడే పాత డిస్క్‌లోని పాఠాలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి బిగించి ఇచ్చాడు.

మర్నాడు మెయిన్ స్విచ్ ఆపి, ఆగిపోయిన పాఠాన్ని మొదటి నుంచి చదివింది. చివరి వాక్యం అయ్యేసరికి బ్యాటరీ ఇంకా ఆరు శాతం ఉంది. సంతోషం పట్టలేక వెంటనే రచనకు పంపింది. గంటన్నర తర్వాత ఫోన్ మోగింది.

"గురక పోయింది అక్కా, మస్తుంది! కానీ ఇప్పుడు నువ్వు పేజీ తిప్పినప్పుడల్ల గాజులు సన్నగ గలగలమంటున్నయి."

"ఇన్ని రోజులు చెప్పలేదేందే?"

"గురకల వినిపిస్తెగా!"

భాగ్యశ్రీ నవ్వుకుంటూ గాజులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టి, రేపటి పాఠం తెరిచింది.