సున్నా పెట్టిన కీచురాయి

పిన్ని రోజూ పొద్దున్నే ఆఫీసుకొచ్చి ముందు కీచురాళ్లని ఊడ్చేది, ఆ తర్వాతే కాగితాలు. రాసిన ప్రోగ్రాంని కంపైలర్ అనే ఇంకో ప్రోగ్రాం చదువుతుంది. ఎక్కడ అనుమానమొస్తే అక్కడ ఒక హెచ్చరిక చేస్తుంది. ఒక్కో హెచ్చరికకీ ఒక్కో కీచురాయి కంప్యూటర్ వెనకనుంచి రాలిపడి అరుస్తుంది. తప్పు సరిచేస్తే చచ్చిపోతుంది.

ఆ ఆఫీసు వాళ్లు రాసేది కెర్నెల్. మిషన్లో అందరికంటే ముందు లేచి మిగతా ప్రోగ్రాములన్నిటినీ లేపేది. "ఇంటికి పెద్దకోడలు లాంటిది పిన్నీ" అని కళ్లద్దాల పిల్ల చెప్పింది. అది ఆసుపత్రుల్లో ఊపిరి ఆడించే మిషన్లలోకి వెళ్తుంది. పిన్ని మొగుడు నెలరోజులుగా అలాంటి మిషను మీదే ఉన్నాడు.

కళ్లద్దాల పిల్లకి ఆ హెచ్చరికలు తగ్గించడమే పని. పదకొండు వందలుండేవి. కళ్లు పోయేలా చూసి చూసి ఒక్కదానికి తెచ్చింది.

"ఇదేమంటుందే?" అంది పిన్ని, చీపురు ఆపి.

"నిమిషానికి ఎన్ని ఊపిర్లో లెక్క వేసుకునే గిన్నె లాంటి చోటు ఒకటుంది. ఏదో ఒక దారిలో వస్తే అందులో ఏమీ వెయ్యకుండానే వాడేస్తున్నామని దీని అనుమానం. ఆ దారేదో నాకు దొరకట్లేదు."

పెద్దసారు గదిలోంచి వచ్చాడు. "ఇంకా అరుస్తోందా? రేపు కొనేవాళ్లొస్తున్నారు. ముందే ఆ గిన్నెలో సున్నా పెట్టెయ్, అదే నోరు మూసుకుంటుంది."

"అది సరిచేసినట్టు కాదు సార్."

"ఇందులో చాలామటుకు ఉత్త అనుమానాలేనని నువ్వే అన్నావుగా. అత్తగారి సణుగుడమ్మా ఇది. ప్రతి మాటకీ జవాబు చెప్తూ కూర్చుంటే సంసారం సాగదు."

పిల్ల సున్నా పెట్టింది. గది నిశ్శబ్దమైంది.

కీచురాయి మాత్రం చావలేదు. నేలమీద రెక్కలు రాస్తూనే ఉంది, చప్పుడే లేదు. ప్రాణమున్నదాన్ని చెత్తలో వెయ్యడానికి పిన్నికి చెయ్యి రాలేదు. మొగుడి ఖాళీ మాత్రల డబ్బాలో వేసి సంచిలో పెట్టుకుంది.

వచ్చినవాళ్లు మెచ్చుకుని వెళ్లారు. పది రోజులకి కొత్త ప్రోగ్రాం పిన్ని మొగుడున్న ఆసుపత్రిలోని మిషన్లన్నిటిలోకీ ఎక్కింది.

ఆ మధ్యాహ్నం పిన్ని మొగుడి పాదాలు తుడుస్తోంది. సంచిలో డబ్బా అరిచింది. తలెత్తి చూస్తే ఆయన ఛాతీ కదలట్లేదు. మిషను మీద ఆకుపచ్చ దీపం చల్లగా వెలుగుతోంది, దాని పక్కన సున్నా. గంట మోగలేదు. ఊపిర్లు సున్నా కావాలన్నారు, సున్నా ఇస్తున్నాను అన్నట్టుంది దాని వాలకం.

"సిస్టరమ్మా, ఊపిరి లేదు."

నర్సు పరుగున వచ్చి గొట్టం ఊడదీసి, రబ్బరు సంచి తగిలించి చేత్తో నొక్కింది. నొక్కగా నొక్కగా ఛాతీ లేచింది. అప్పుడు పక్క మంచం వైపు చూసింది. అక్కడా ఆకుపచ్చ దీపమే, సున్నాయే. ఎప్పటినుంచో ఎవరికీ తెలీదు. ఆ ముసలాయన కాళ్లు అప్పటికే చల్లబడిపోయాయి. ఆయన కూతురు ఇంకా కుర్చీలో స్వెట్టర్ అల్లుతూనే ఉంది.

మర్నాడు ఆఫీసులో కళ్లద్దాల పిల్ల అడిగింది. "బాబాయి ఎలా ఉన్నాడు పిన్నీ?"

"ఉన్నాడు. పక్క మంచం ఆయనే పోయాడు."

డబ్బా బల్లమీద పెట్టి మూత తీసింది. పిల్ల తొంగి చూసింది. లోపల కీచురాయి ఇంకా రెక్కలు రాస్తూనే ఉంది. పిల్ల కంప్యూటర్ ముందుకు జరిగి, తను పెట్టిన సున్నాని తనే చెరిపేసింది. కీచురాయి గది అదిరేలా అరిచింది.

పెద్దసారు తలుపు తీశాడు. "మళ్లీ మొదలా? నోరు మూయించండి దాన్ని."

పిన్ని ఆయనతో ఏనాడూ మాట్లాడి ఎరగదు. చీపురు గోడకి ఆనించింది.

"అరవనీండి సార్" అంది.