గుర్రం లేని తుపాకి

నేను ఒక జర్మన్ కార్బైన్‌ని. పాత ఇనుమే కదా అని దాటిపోకండి. పందొమ్మిదో శతాబ్దంలో గుర్రపు దళం కోసం ప్రత్యేకంగా చేసిన పొట్టి తుపాకిని. జీనుకు తగులుకోకుండా నా బోల్టు పిడిని కిందికి వంచారు. ఒకసారికి ఒకే తూటా పడుతుంది. ఒక్క దెబ్బకు పని కానివాడికి పది తూటాలిచ్చినా అంతేనని నా నమ్మకం.

మా దేశంలో ఆ మాట ఎవరూ వినలేదు. వరసగా తూటాలు పేల్చేవి రాగానే మమ్మల్ని కట్టలు కట్టి ఓడెక్కించారు. బొంబాయి రేవులో దిగి, చేతులు మారి, తెలంగాణలోని ఒక సంస్థానం చేరాను.

అక్కడివాళ్ళు అప్పటికి పాతకాలం తుపాకులే చూశారు. వాటి పక్కన ఎగిరి కొట్టే ఇనుప ముక్క ఉండేది. దాన్ని గుర్రం అనేవారు. నాలో ఆ పని చేసే సూది లోపలే ఉంటుంది. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి గుర్రం లేదే" అన్నారు. ఆ రోజు నుంచి 'గుర్రం లేని తుపాకి' అయిపోయాను. అయితే ఇచ్చింది మాత్రం రౌతు లింబాద్రికి. రౌతు కొద్దీ గుర్రం అంటారు. తుపాకీ అంతే. అతని భుజాన ఉన్నన్నాళ్ళూ నేను రాజాలా తిరిగాను.

సంస్థానం పోయాక మ్యూజియంకు వచ్చాను. బాగా చదువుకున్న ఆఫీసరొకాయన నా పేరు విని, చాలాసేపు ఆలోచించి, 'గుర్రం లేని సిపాయి లింబాద్రి తుపాకి' అని పలక రాయించాడు. కాల్బలం వారి నిలువెత్తు తుపాకుల మధ్య నిలబెట్టాడు. చూసినవాళ్ళు నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండేది.

మొన్న లింబాద్రి మనవరాలు సక్కుబాయి వచ్చింది. తల నెరిసిన మనిషి. వెంట ఆమె ఆడబిడ్డ ఎల్లవ్వ కూడా ఉంది. ఇప్పటి అధికారి వకుళ పలక చదివి వినిపించగానే ఎల్లవ్వ, "నేను జెప్పలే?" అంది. సక్కుబాయి ముఖం చిన్నబోయింది.

"పెండ్లయిన కాడి నుంచి గిదే మాట బిడ్డా. నీ తాత గుర్రాలు కడిగినోడు, ఎక్కినోడు గాదంటరు. మా ఆయన గూడ సచ్చేదాంక అట్లనే నవ్విండు. నువ్వు సదువుకున్నదానివి. ఏది నిజమైతే గది జెప్పు."

వకుళ అద్దం తీసి నన్ను చేతుల్లోకి తీసుకుంది. వంగిన పిడిని వేలితో తడిమింది. పక్కనున్న పొడుగు తుపాకితో కొలిచి చూసింది. తర్వాత ఒక పాత తుపాకి పక్కనున్న ఇనుప ముక్కను చూసి నవ్వేసింది.

"పేరులో ఉన్న గుర్రం ఇదమ్మా, తుపాకి గుర్రం. దీనికి అది లోపలుంది, అందుకే లేదనుకున్నారు. ఇంత పొట్టిగా, ఇలా పిడి వంచి చేసేది గుర్రమెక్కేవాళ్ళకే. మీ తాతగారు రౌతే. పలక మేమే తప్పు రాశాం."

సక్కుబాయి నా పిడి మీద చెయ్యి వేసింది. ఆ గదిలో నా అంత గొప్పవాడు లేడనిపించింది.

"గా మాట ఇంకోసారి జెప్పు బిడ్డా, జర గట్టిగ. మా ఆడిబిడ్డకు చెవుడు."

"ఇనవడ్డది వదినె," అంది ఎల్లవ్వ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "మా అన్న బతికున్నప్పుడు ఇనవడితే మంచిగుండేది."