ప్లగ్గు మొగం

ఆయుధపూజ మరునాడు చింతామణి ఊరంతా మంచులో మునిగి, తెల్లవారినా ఇంకా కల కంటున్నట్టే ఉంది. నూనె వ్యాపారి చంద్రప్ప ఎన్నిసార్లు తాళం తిప్పినా ఆయన పాత కారు మూలుగుతోందే గాని లేవడం లేదు.

బ్యాటరీ బాగానే ఉంది. పైపు ఊడదీసి చూస్తే పెట్రోలు ధారగా వచ్చింది. ఇక మిగిలింది నిప్పురవ్వే. రవ్వ పుట్టించే ప్లగ్గుల్లో ఒకటి విప్పి, దానికి తీగ తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి పెట్టాడు.

"కాంచనా, ముందర కూచోని తాళం తిప్పు" అన్నాడు భార్యతో.

ఇరవై ఏండ్లుగా వెనక సీటు తప్ప ఎరగని మనిషి, బెదురుతూనే తిప్పింది. రవ్వ రాలేదు. చంద్రప్ప కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే, ప్లగ్గు కొనలో ఎండిన గంధం, దానిమీద కుంకుమ!

నిన్న చంద్రప్ప శుభ్రం చేసి, పూజకని దేవుడి ముందు పెట్టిన ప్లగ్గులే అవి. పొద్దున్నే కళ్లద్దాలు లేకుండా బిగించేశాడు.

"మొగానికి పెట్టాల్సిన బొట్టు నోట్లో పెట్టినావు గదే!"

"దాని మొగం యాడుండాదో మీరెప్పుడన్నా చూపిచ్చినారా?"

పెట్టిన బొట్టు తుడవడానికి చంద్రప్పకు చెయ్యి రాలేదు. ముందుగా మిగతా మూడూ విప్పి, నాలుగు ప్లగ్గుల తెల్లటి పింగాణీ మీద కొత్త బొట్లు పెట్టి, "ఇదీ మొగం" అని చూపించాడు. ఆ తర్వాతే కొనలు తుడిచి బిగించాడు.

కాంచనమ్మ తాళం తిప్పింది. ఇంజను ఒళ్లు విరుచుకుని లేచింది. మంచులో కలుస్తున్న పొగ కూడా గంధం వాసన వేస్తున్నట్టు తోచింది. చంద్రప్ప చేతులు తుడుచుకుని వచ్చి, తన సీటు పక్కన నిలబడ్డాడు.

ఆమె స్టీరింగు వదల్లేదు.

"బ్రేకు యాడుండాదో గూడా చూపిచ్చండి" అంది.