డాబా మీద ఎండ

నాచారంలో చలి మొదలైందంటే తారామణికి తెల్లవారుజామున ఐదింటికే హీటర్ రాడ్‌తో పని మొదలైనట్టే. మొదటి బకెట్ అత్త వెంకటనర్సమ్మకు, రెండోది భర్త ఉమాపతికి, మూడోది కాలేజీకి పోయే కూతురు గీతికకు. తన వంతు వచ్చేసరికి డ్యూటీకి టైమైపోతుంది. నల్లా కింది నీళ్ళే రెండు చెంబులు గుమ్మరించుకుని, పళ్ళు టకటకలాడుతుంటే బయటికి వస్తుంది.

"నీకు సల్లనీళ్ళు అలవాటే గద" అన్నాడు ఉమాపతి ఒకసారి. ఎగతాళికి కాదు, నిజంగానే అలా అనుకున్నాడు. "ఆడోళ్ళకు సలి అంతగనం పెట్టదు" అంది అత్త, దుప్పటి గొంతు దాకా లాక్కుంటూ.

బట్టల కంపెనీలో ఆమెది చొక్కాల గుండీలు చూసే పని. రోజంతా నిలబడే. మొన్న ఆవలింత ఆపుకోలేకపోతే సూపర్‌వైజర్ సురేష్ "ఏందక్కా, ఇంట్ల పండుకోనిస్తలేరా?" అని కన్ను గీటాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఎందుకు నవ్వానా అని ఇల్లు చేరేదాకా తన మీద తనకే కోపం.

ఆ ఆదివారం అటక మీది దుప్పట్లు దించి, ఎండేద్దామని డాబా మీదికి మోసుకెళ్ళింది. పదకొండు కావస్తోంది. ఎండ చురుక్కుమనడం లేదు, ఒళ్ళు నిమురుతున్నట్టుంది. ఆఖరి దుప్పటి పరిచి ఒక్క నిమిషం కూర్చుంది. వీపు వెచ్చబడింది. పక్క డాబా మీద ఎవరో వడియాలు పెడుతున్నారు. నడుం వాల్చింది. అంతే, ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియలేదు.

నుదుటి మీద చెయ్యి పడితే కళ్ళు తెరిచింది. ఉమాపతి వంగి చూస్తున్నాడు. ముఖంలో నిజమైన భయం.

"ఏమైంది తారా? చికెన్ తెచ్చి గంటయింది, నువ్వు ఎక్కడా కనవడవైతివి. పానం బాగలేదా?"

మెట్ల దగ్గర నుంచి అత్త గొంతు: "జరమొచ్చిందా ఏంది? గీతికను కషాయం పెట్టుమననా?"

అవునంటే సరిపోయేది. ఒక్క చిన్న అబద్ధం. తలనొప్పి అంటే చాలు, ఈ పూటకు వంట తప్పుతుంది, కూతురు చాయ్ తెచ్చిస్తుంది. రెండేళ్ళ కింద డెంగీతో ఆరు రోజులు దవాఖానాలో ఉంది. ఒళ్ళంతా విరిచినట్టు నొప్పులు. అయినా పొద్దున కళ్ళు తెరిచి, లేవనక్కర్లేదు కదా అనుకున్నప్పుడు కలిగిన హాయి ఇంకా గుర్తుంది. డిశ్చార్జ్ అన్నప్పుడు అందరూ సంతోషపడ్డారు, తనకు మాత్రం మళ్ళీ ఐదింటికి లేవాలన్నదే గుర్తొచ్చింది. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికే సిగ్గు. ఇరవై రెండేళ్ళ కాపురంలో పగటిపూట పడుకోవాలంటే రోగమే రావాలి. ఇప్పుడు కూడా ఒక రోగం పేరు చెప్పి ఈ ఎండను అడుక్కోవాలా?

"జరం లేదు" అంది.

"మరి తలకాయ నొస్తుందా?"

"ఏం నొస్తలేదు. మంచిగనే ఉన్న. ఎండ బాగుందని ఊకెనే పండుకున్న."

"ఊకెనేనా?"

పని చేసే భార్య ఉమాపతికి తెలుసు. జబ్బుపడ్డ భార్యా తెలుసు. ఏ జబ్బూ లేకుండా పట్టపగలు పడుకున్న మనిషితో ఏం మాట్లాడాలో అతనికి తోచలేదు.

"మరి చికెనో?" అన్నాడు చివరికి.

"నువ్వు, గీతిక కలిసి వండుర్రి. తెల్వకపోతే అత్తమ్మ చెప్తది. అయినంక పిలువు, వస్త."

మెట్లు దిగుతూ అతను రెండుసార్లు వెనక్కి చూశాడు. తారామణి చూడలేదు. అటు తిరిగి పడుకుని, ఎండకు రెండో పక్క అప్పగించింది.