కోళ్ళు తిన్న మందు

నెరిడాకి ఒళ్ళంతా నొప్పులంటే ఊళ్ళో ఎవరూ నమ్మేవారు కాదు. దానికి కారణం ఆవిడ బుగ్గలు. మా దేశంలో జూలై అంటే చలికాలం. ఆ చలికి మా హ్యూన్ లోయ యాపిల్ పళ్ళలా ఎర్రగా నిగనిగలాడేవి. ఎదురుపడ్డవాళ్ళంతా "అబ్బ, ఎంత కళగా ఉన్నావో!" అనేవారు. ఆ మాట వింటే ఆవిడకి ఒళ్ళు మండేది.

"కళ ముఖంలో ఉంది గానీ భుజాల్లో లేదు ఐలీన్," అనేది నాతో. "పొద్దున్నే లేచేసరికి ఎవరో నన్ను బట్టల మిషన్లో వేసి తిప్పి, పిండి, ఆరెయ్యడం మర్చిపోయినట్టుంటుంది."

నేను వాళ్ళ పక్కింటిదాన్ని. యాపిల్ పళ్ళు ఏరి పెట్టెలకెత్తే షెడ్డులో ఇద్దరం చాలా ఏళ్ళు పక్కపక్కనే నిలబడి పనిచేశాం. ఆ పనిలో నెరిడాని మించినవాళ్ళు లేరు. అలాంటి మనిషికి దువ్వెన ఎత్తితే చెయ్యి లాగడం మొదలైంది. దుప్పటి కప్పుకుంటే కాళ్ళు సలిపేవి. పన్నెండు గంటలు పడుకుని లేచినా నిద్రపోయినట్టే ఉండేది కాదు. పరీక్షలన్నీ చేయించారు. ప్రతిదానిలోనూ "ఏమీ లేదు" అని వచ్చేది. చివరికి పట్నంలో, హోబర్ట్‌లో ఒక పెద్ద డాక్టరు చూసి ఫైబ్రోమయాల్జియా అని తేల్చాడు.

ఆవిడ మొగుడు రాస్ ట్రాక్టర్లు బాగుచేసే మనిషి. మంచివాడే గానీ ఆ పేరు ఎంత నేర్పినా నోరు తిరిగేది కాదు. మాంసం కొట్టులో నిలబడి "మా ఆవిడకి ఫిలడెల్ఫియా అటండీ" అన్నాడు. కొట్టతను "అలాగా, అమెరికా నుంచి మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు. ఆ కథ వారం పాటు ఊరంతా తిరిగింది.

ఆడబిడ్డ అర్ధమొగుడన్న సామెతని గ్లెనిస్‌ని చూసే పుట్టించి ఉంటారు. ఆవిడ రాస్‌కి అక్క. పొడవాటి మనిషి, అంతకంటే పొడవాటి గొంతు. ఇంటింటికీ తిరిగి పొడులూ, మాత్రలూ, చుక్కల మందులూ అమ్మేది. తమ్ముడి పెళ్ళానికి జబ్బని తెలిసిన మర్నాడే సంచి నిండా సీసాలతో దిగింది. వాటిలో మెగ్నీషియం, చేపనూనె, విటమిన్ డి, మనసు తేలికపడే గుళికలు ఉన్నాయి. వాటన్నిటికీ పట్టపురాణి ఒక పచ్చటి పొడి. సముద్రపు నాచు, పసుపు, ఏవో వేళ్ళు కలిపి దంచింది.

"నీళ్ళల్లో కలుపుకుని కళ్ళు మూసుకుని గటగటా తాగెయ్యి," అంది గ్లెనిస్.

నెరిడా ఒక గుక్క తాగి ముఖం ముడుచుకుంది. "వదినా, పడవ అడుగు నాకినట్టుంది."

"మందంటే అలాగే ఉంటుంది మరి. తియ్యగా ఉంటే ఐస్‌క్రీమంటారు."

"ఇది తాగితే నొప్పి తగ్గుతుందా?"

"నొప్పా? నొప్పి నీ దగ్గర సెలవడక్కుండానే పారిపోతుంది అమ్మాయ్. ఆ డాక్టర్ల మాత్రల జోలికి మాత్రం పోకు. అవన్నీ రసాయనాలు."

ఆడబిడ్డకి ఎదురు చెప్పే ఓపిక నెరిడాకి లేదు. కొన్నాళ్ళు అన్నీ మింగింది. నొప్పి ఎక్కడికీ పారిపోలేదు సరికదా, కడుపు మాత్రం పరుగులు పెట్టింది.

అప్పుడు మా ఊరి ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ దగ్గరికి నేనే కారులో తీసుకెళ్ళాను. పెట్రా అని చిన్న వయసు పిల్ల. "మీరు తీసుకునేవన్నీ పట్టుకురండి" అని ముందే చెప్పింది. నెరిడా సంచి బోర్లించేసరికి సీసాలు బల్ల మీద పట్టక ఒకటి దొర్లి కింద పడింది.

డాక్టరమ్మ నవ్వలేదు. ఒక్కోటీ ఎత్తి, వెనక రాసింది చదివి, పక్కన పెట్టింది.

"విటమిన్ డి ఉంచుకోండి. మీ రక్తంలో నిజంగానే తక్కువుంది. చేపనూనె మీ ఇష్టం. మెగ్నీషియం... కడుపు ఎలా ఉంటోంది?"

"మా ఆయన బాత్రూం తలుపు కొట్టడం మానేసి పెరట్లోకి పోతున్నాడు."

"అయితే ఆపేద్దాం. ఈ గుళికలు మాత్రం ఇవాళే మానెయ్యాలి. ఇందులో సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మొక్క ఉంది. నేను రాయబోయే మాత్రకీ దీనికీ పడదు. రెండూ కలిస్తే ప్రమాదం. ఇక ఈ పచ్చపొడి మీ నొప్పికి చేసేదేమీ లేదు. నాచు కూడా మరీ ఎక్కువగా ఉంది. వద్దు."

తర్వాత ఎమిట్రిప్టిలిన్ అనే మాత్ర రాసింది. పెద్ద మోతాదులో దిగులుకి ఇచ్చేదే, కొసరంత మోతాదులో ఇస్తే నరాల గోల తగ్గి నిద్ర పడుతుందట. పొద్దుగూకగానే వేసుకోవాలి. నోరెండుతుంది, మొదట్లో పొద్దున పూట మత్తుగా ఉంటుంది, కొన్ని వారాలు ఓపిక పట్టాలి అంది.

"నొప్పి పూర్తిగా పోతుందని మాటివ్వలేను," అంది సూటిగా. "రేడియో ఆగదు, సౌండు తగ్గుతుంది. వేడినీళ్ళ కొలనులో మెల్లగా నడవండి. బాగున్న రోజు ఇల్లంతా దులిపేసి మర్నాడు మంచమెక్కే అలవాటు మానండి."

"ఆ అలవాటు నాకుందని మీకెలా తెలుసు?"

"మీ జబ్బున్నవాళ్ళందరికీ ఉంటుందండీ."

కారెక్కాక నెరిడా సంచిలోంచి విటమిన్ డి సీసా ఒక్కటీ తీసి కోటు జేబులో వేసుకుంది. తనని ఎవరో నమ్మారు. ఆ సంగతి ఒంటికి పడుతున్నట్టుంది. వంతెన దాటాక మాత్రం ఉలిక్కిపడింది.

"వదినకి ఎవరు చెప్తారే?"

"నువ్వే చెప్పాలి."

"ఆవిడతో వాదిస్తే నాకు రెండ్రోజులు ఒళ్ళు పులుస్తుంది. ఆ ఓపిక నేను స్నానానికి దాచుకుంటున్నా."

మనసు గుళికలు మందుల షాపులో ఇచ్చేసింది, పారేస్తామన్నారు. మెగ్నీషియం చెత్తలో పడింది. పచ్చపొడి మాత్రం పారబొయ్యడానికి మనసొప్పలేదు. పొదుపైన ఇంట్లో పెరిగిన మనిషి. పెరట్లో గోధుమరంగు కోళ్ళున్నాయి. ఒకరోజు వాటి తడిమేతలో చిటికెడు కలిపి చూసింది. అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ గిన్నె అడుగు దాకా నాకేశాయి. ఇక రోజూ అదే వరస. గ్లెనిస్ వచ్చి డబ్బాలోకి తొంగిచూసి, సగం ఖాళీ అయిందని మురిసిపోయి, కొత్త డబ్బా పెట్టి వెళ్ళేది.

మాత్ర పనిచెయ్యడానికి టైము పట్టింది. మొదటి వారాల్లో నెరిడా పొద్దున పూట గోడలు పట్టుకుని నడిచేది. నోరెండిపోతే బుగ్గలో నిమ్మకాయ బిళ్ళ పెట్టుకుని తిరిగేది. ఒకరోజు నా దగ్గరికొచ్చి, ఎవరో చచ్చిపోయిన వార్త చెప్తున్నంత మెల్లగా అంది: "ఐలీన్, రాత్రి నేను నిద్రపోయా."

ఆ తర్వాత కొలనుకి వెళ్ళడం మొదలుపెట్టింది. కొంచెం నడిచేది, కొంచెం కూర్చునేది. చెడ్డ రోజులు పోలేదు గానీ వాటి మధ్య మంచి రోజులు వచ్చాయి. మార్చి వచ్చేసరికి తల తనే దువ్వుకుంటోంది.

ఆ ఘనతంతా గ్లెనిస్ తన ఖాతాలో వేసుకుంది. "చూశారా మా మరదల్ని! అంతా నా పొడి మహిమే," అని ఊరంతా చాటింది. ఒక ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. టీ తాగుతూ, ఉడికీ ఉడకని గుడ్డులో రొట్టెముక్క ముంచి ఆగిపోయింది గ్లెనిస్. పచ్చసొన కాషాయం రంగులో వెలిగిపోతోంది.

"ఏమే, ఏం పెడుతున్నావే నీ కోళ్ళకి?"

రాస్‌కి టీ ముక్కులోకి పోయింది.

"మంచి మేతే వదినా," అంది నెరిడా కళ్ళు కిందికి దించుకుని. "అంతా మీ చలవ."

"నేనేం చేశానమ్మా!"

"మీరు వచ్చి వెళ్తుంటే వాటికి హుషారు."

నేను గిన్నెలు కడిగే వంకతో వంటింట్లోకి పారిపోయాను.

ఈ వేడుక ఇలాగే సాగిపోయేదేమో. కానీ గ్లెనిస్ ఊరి హాలులో పొడి అమ్మకానికి సభ పెట్టింది. కేకులూ, టీలూ అన్నీ ఏర్పాటు చేసి, నెరిడాని వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టింది. "నువ్వు ఊరికే కనబడు చాలు, మాట్లాడేది నేనే," అంది. నెరిడా సరేనంది. నా వైపు చూసి కన్ను కూడా కొట్టింది. కోళ్ళ సంగతి బయటపడకుండా కేకు తిని వచ్చేద్దామని ఆవిడ ఆలోచన.

గ్లెనిస్ గొంతు హాలంతా మోగింది. జనం తలలూపారు. అప్పుడు ముందు వరసలో టామ్సిన్ అనే పిల్ల లేచింది. పళ్ళ షెడ్డులో మా తర్వాత చేరిన పిల్ల. కుర్చీ వీపు పట్టుకుని గానీ నిలబడలేకపోయింది.

"నాక్కూడా మీ జబ్బే అండీ," అంది నెరిడాతో. "ఇది మొదలుపెట్టి మాత్రలు మానెయ్యమని గ్లెనిస్ గారు చెప్పారు. మీరూ అలాగే మానేశారటగా. ఒక్కసారిగా మానెయ్యొచ్చా?"

నెరిడా ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఆడబిడ్డ వైపు చూసింది. ఆ పిల్ల వైపు చూసింది.

"మానెయ్యకు తల్లీ," అంది. "నేను మాత్ర వేసుకుంటున్నా. రోజూ. దానివల్లే నిద్ర పడుతోంది. నీ మాత్రలు నీ డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకు."

"మరి పొడి?"

"పొడి నేను తాగలేదు. మా కోళ్ళు తిన్నాయి."

జనమంతా గ్లెనిస్ వైపు తిరిగారు. ఆ తర్వాత వెనక వరసలోంచి కోళ్ళ అందాల పోటీలకి వెళ్ళే ముసలి డెస్మండ్ గట్టిగా అరిచాడు: "అందుకా నెరిడా ఇచ్చే గుడ్ల సొన అంత ఎర్రగా ఉంటోంది! గ్లెనిస్, నాకో రెండు డబ్బాలు పక్కన పెట్టు!"

హాలు పగలబడి నవ్వింది. అతని వెనక ఇంకో నలుగురు చేతులెత్తారు. గ్లెనిస్ ఎన్నడూ అమ్మనన్ని డబ్బాలు ఆ రోజు అమ్మింది. ఒక్కటీ మనుషులకి కాదు. డబ్బాలు అందిస్తున్నంతసేపూ మరదలి వైపు చూడలేదు.

ఆ తర్వాత చాన్నాళ్ళు తమ్ముడి గుమ్మం తొక్కలేదు. నెరిడా పైకి "హాయిగా ఉంది" అనేది గానీ బయట గ్లెనిస్ వ్యాన్ లాంటి చప్పుడైతే కిటికీ దగ్గరికి వెళ్ళేది. ఒక ఉదయం ఆ వ్యాన్ నిజంగానే వచ్చి ఆగింది. మేమిద్దరం బఠాణీలు ఒలుస్తున్నాం. గ్లెనిస్ వచ్చి, పలకరించకుండానే కూర్చుంది. టీ ఇస్తే రెండు చేతులతో పట్టుకుంది.

"ఆ పిల్లకి అలా చెప్పకుండా ఉండాల్సింది," అంది. గొంతు బొంగురుగా ఉంది. "వెళ్ళి క్షమించమని అడిగొచ్చాను."

"మంచిపని చేశారు."

"నువ్వు నాకు ముందే చెప్పి ఉండాల్సింది. నన్ను కోళ్ళ ముందు చులకన చేశావు."

"ఊరి ముందనండి. కోళ్ళు మిమ్మల్ని దేవతలా చూస్తాయి."

గ్లెనిస్ నవ్వబోయి ఆగిపోయింది. కప్పు బల్ల మీద పెట్టి చేతులు రుద్దుకుంది. "నాకూ చేతులు లాగుతున్నాయే," అంది ఉన్నట్టుండి. "ఏడాది పైనే అయింది. మెట్లెక్కాలంటే ఏడుపొస్తుంది. ఎంత పడుకున్నా చాలదు. పూటపూటకీ ఆ పొడే తాగుతున్నా. ఇంకాస్త తాగితే తగ్గుతుందేమోనని."

నెరిడాకి మొదట కోపం వచ్చింది. బఠాణీ గిన్నె బల్ల మీద ఠప్పున పెట్టింది. "మీకు నొప్పని తెలిసి, అది పనిచెయ్యదని తెలిసి, నాకు తాగమని..."

"పనిచెయ్యట్లేదని ఒప్పుకుంటే నాకేం మిగుల్తుందే?"

నెరిడా లేచి కోటు తీసుకుంది. "లేవండి. డాక్టరమ్మ దగ్గరికి పోదాం. ఐలీన్, కారు తియ్యి."

పెట్రా డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించింది. తర్వాతి వారం పిలిచి, ఇది నెరిడా జబ్బు కాదని చెప్పింది. థైరాయిడ్ మందగించిందట. నాచులో అయోడిన్ ఎక్కువట. అంతంత తాగితే ఆ గ్రంథి గాడి తప్పొచ్చట.

"పొడి పూర్తిగా మానెయ్యండి. ప్రస్తుతానికి ఓ చిన్న మాత్ర వేసుకుందాం. కొన్ని నెలల్లో మామూలైపోవచ్చు," అంది డాక్టరమ్మ.

గ్లెనిస్ నోట మాట రాలేదు. ఆవిడ జీవితంలో అలా జరగడం నేను చూడ్డం అదే మొదలు. నెరిడా మాత్రం బయటికొచ్చాక కారు తలుపు ధడేలున వేసింది.

"చూశావా ఐలీన్! ఈవిడకి నయమైపోయే జబ్బు! నాకేమో చచ్చేదాకా కాపురం చేసే జబ్బు. అర్ధమొగుడు గారికి అదృష్టంలో కూడా పెద్ద వాటానే!"

"ఏడవకు," అంది గ్లెనిస్ వెనక సీట్లోంచి. "నా మాత్ర నీకేం ఇవ్వను."

"అడిగానా?"

అలా ఇంటిదాకా కీచులాడుకుంటూనే ఉన్నారు. నేను అద్దంలో చూశాను. నెరిడా వెనక్కి చెయ్యి చాపి ఆడబిడ్డ చెయ్యి పట్టుకుని ఉంది. గట్టిగా కాదు, ఇద్దరికీ నొప్పే కదా.

ఇప్పుడు ఇద్దరూ బుధవారాలు కొలనుకి పోతున్నారు. గ్లెనిస్ పువ్వుల టోపీ పెట్టుకుని నీళ్ళల్లో కూడా అందరికంటే ముందు నడుస్తూ, ఎవరు ఎలా అడుగెయ్యాలో చెప్తుంది. నెరిడా సగంలోనే ఆగి మెట్టు మీద కూర్చుంటుంది. కొన్ని వారాలు అసలు నీళ్ళల్లోకే దిగదు, తువ్వాలు చుట్టుకుని చూస్తుంది. అలాంటి రోజున ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి "దిగరేం?" అని అడిగితే, గ్లెనిస్ కొలను మధ్యలోంచే గొంతెత్తుతుంది.

"ఆవిడ జోలికి పోకండి! ఇవాళ ఆవిడకి ఫిలడెల్ఫియా!"