ఎడమ చేతి రీలు

చెక్కల కింద నీళ్లు.

గుంజల మీద, నీళ్ల పైన కట్టిన దుకాణం. నేల సందుల్లోంచి సముద్రం వినిపిస్తూనే ఉంటుంది. గలగల... ఆగి... మళ్లీ గలగల. తారు వాసన. తడిసిన ఉన్ని వాసన. దుకాణదారు హోకన్ పొద్దున్నుంచీ పొయ్యి మీద మరగబెడుతున్న కాఫీ వాసన.

రాగ్న గుమ్మంలో నిలబడి బూట్లకంటిన మంచు దులుపుకుంది. మే నెల వచ్చింది. ఉత్తరాన ఎక్కడో ఉన్న ఈ సేన్యా దీవిలో కొండల మీద మంచు ఇంకా కదల్లేదు. ఎండ మాత్రం పిలవని చుట్టంలా వచ్చి కూర్చుంది. రాత్రయినా లేచి వెళ్లదు.

గోడ నిండా గాలపు కర్రలు.

పొడుగువి, పొట్టివి, సన్నవి, లావువి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె వాటిని సరిగ్గా చూసింది లేదు. భర్త సీవర్ట్ చేతుల్లో ఎన్నోసార్లు చూసింది. అప్పుడు ఆమె చూసింది ఆ చేతుల్ని.

"ఏం వదినా, దారి తప్పావా?" అన్నాడు హోకన్. సీవర్ట్‌కి చిన్నాన్న కొడుకు. నోరు ఊరుకోదు. "ఉన్ని దారాలు పక్క కొట్లో."

"ఉన్ని కాదు. గాలానికి దారం. కర్రా, రీలూ కూడా."

"దేనికి?"

"ఆవిడకి."

హోకన్ చేతిలో కాఫీ కప్పు మధ్యలోనే ఆగిపోయింది.

ఆవిడ అంటే ఆ ఊళ్లో ఒక్కతే. సముద్రం అడుగున, ఇసుకలో, పళ్లెంలా పరుచుకుని పడుకునే చేప. పెరిగితే తలుపంత అవుతుంది. కథ ఇంకా నేల మీదే ఉంది కాబట్టి ఇక్కడ ఒక్కసారి చెప్పుకోవచ్చు — హాలిబట్. పడవెక్కాక ఆ పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఆవిడ వింటుంది. వింటే వెళ్లిపోతుంది. ఆవిడ కోసం గాలం కొనేటప్పుడు కూడా ఎత్తరు. కుర్రకారు ఈ మాట విని నవ్వుతారు. నవ్వుతారు గానీ, వాళ్లూ ఎత్తరు.

"అన్నయ్య కర్ర ఉందిగా?" అన్నాడు హోకన్, మెల్లిగా.

"ఉంది. అది రెండు చేతులున్నవాడి కర్ర."

చెక్కల కింద నీళ్లు గలగలమన్నాయి.

కిందటి శరదృతువులో అది వచ్చింది. ఇంట్లో దాని పేరు కూడా ఎత్తరు. పక్షవాతం అనరు. అది, అంటారు. అది వచ్చి సీవర్ట్ కుడి చేతిని తీసుకుపోయింది. మాటల్ని తీసుకుపోయింది. కొన్ని తిరిగొచ్చాయి — కాఫీ, వాన, వద్దు, గట్టిగా. తిట్లు మాత్రం ఒక్కటీ పోలేదు, అన్నీ భద్రంగా ఉన్నాయి.

పేర్లు రాలేదు.

ఊరి పేరు రాలేదు. తమ్ముడి పేరు రాలేదు. రాగ్న పేరు రాలేదు.

ఆమెకి కావలసింది అదొక్కటే. వంటింట్లో ఉండగా అవతలి గదిలోంచి పేరు పెట్టి ఒక్క కేక. ఇన్నేళ్లూ విని విని విసుక్కున్న కేక. ఇప్పుడతను చెంచాతో బల్ల మీద కొడతాడు. టక్, టక్. ఆమె వెళుతుంది. వెళ్లి, కావలసింది ఇచ్చి, నవ్వి వస్తుంది. వచ్చి వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడుతుంది. ఆ చెంచాని సముద్రంలో పారేయాలని ఎన్నిసార్లు అనిపించిందో ఆమెకే తెలియదు.

చలికాలమంతా అతను కిటికీ దగ్గర కూర్చున్నాడు. కిటికీలోంచి పడవ కనబడుతుంది. ఒకరోజు దాన్ని వేలు పెట్టి చూపించి, "వద్దు" అన్నాడు. అమ్మేయమని. ఆమె విననట్టు నటించింది.

ఎందుకంటే ఆమె ఒకటి ఆలోచించుకుంది. పడవలో ఎవరూ పేర్లు ఎత్తరు. అక్కడ మాట్లాడకపోవడం జబ్బు కాదు, మర్యాద. అక్కడైతే అతను అందరి లాంటివాడే... ఎప్పటి లాంటివాడే.

అక్కడికి వెళ్లాలంటే కర్ర కావాలి.

రాగ్న కుడి చేతిని కోటు జేబులో పెట్టుకుంది. ఎడమ చేత్తో గోడ మీంచి ఒక కర్ర తీసింది. పొడుగుది. కొస వాలిపోయింది, మోచెయ్యి వణికింది.

"అది ఒడ్డున నిలబడి దూరంగా విసిరేవాళ్లకి," అన్నాడు హోకన్. "పడవలోంచి నిట్టనిలువునా దింపేదానికి అంత పొడుగెందుకు?"

ఇంకొకటి తీసింది. పొట్టిది, లావుది.

"ఇదేంటి, దూలమా?" అంది.

"దూలమే. పడవనైనా పైకి లేపుతుంది."

"పడవని లేపక్కర్లేదు హోకన్. మనిషిని లేపాలి."

హోకన్ అప్పుడు చూశాడు, జేబులో ఉన్న ఆమె కుడి చేతిని. కప్పు కింద పెట్టాడు. వెతికి, మూలనుంచి ఇంకో కర్ర తెచ్చాడు — పొట్టిదే, మొదలు దగ్గర గట్టిది, కొస దగ్గర మెత్తగా వంగేది. దానికో పాత రీలు తగిలించాడు. దారం కొస పట్టుకుని దుకాణం చివరికి నడిచాడు. తన కుడి చేతిని వీపు వెనక దాచుకున్నాడు.

"నేనే ఆవిడని. లాగు వదినా."

ఆమె లాగింది. అతను లాగాడు. పీపాల వెనక్కి పరిగెత్తాడు. వలల కింద దూరాడు. ఆగి, పడుకున్నట్టు నటించి, ఒక్కసారి ఉరికాడు. కర్ర వంగింది. వంగి, విరగలేదు. కాఫీ ఒలికింది.

"ఆవిడ కాఫీలు ఒలకబోస్తుందా?" అంది రాగ్న, రొప్పుతూ.

"ఆవిడ గురించి నీకేం తెలుసు? ఆవిడ నాకంటే మొండిది. నాకంటే అందగత్తె కూడా, ఒప్పుకుంటా."

ఆమె నవ్వింది. ఎన్నాళ్లకో నవ్వింది. కర్ర మొదలు కడుపులో గుచ్చుకుని నొప్పెట్టింది. అందుకని నడుముకి కట్టుకునే బెల్టు కూడా తీసుకుంది, ముందువైపు కర్ర మొదలు ఆనించుకోవడానికి గిన్నె ఉన్నది. బరువు నడుము మోస్తుంది. చెయ్యి తిప్పితే చాలు.

రీలు దగ్గర చిక్కొచ్చింది. అన్నిటికీ పిడి కుడివైపే. ఆ దీవిలో అందరూ కుడి చేత్తోనే తిప్పుతారు. హోకన్ వెనక గదిలోకి వెళ్లి, ఏవేవో పడగొట్టి, తుమ్ముతూ తిరిగొచ్చాడు. చేతిలో దుమ్ము పట్టిన పెట్టె. ఎప్పుడో పొరపాటున వచ్చింది, ఎవరూ కొనలేదు.

పిడి ఎడమవైపు.

"నెమ్మదిగా చుడుతుంది," అన్నాడు. "కానీ ఎంత బరువునైనా చుడుతుంది."

"నెమ్మదే కావాలి."

దారం మిగిలింది. లావు దారమైతే నీటి వాలు ఈడ్చుకుపోతుంది, సీసపు గుండు అడుగుకి దిగదు. అందుకని సన్నగా అల్లినది. చివర రాళ్లకి రాసుకునే చోట లావు నైలాను కొన్ని బారలు. అక్కడిదాకా ఇద్దరికీ కుదిరింది. హోకన్ బూడిద రంగు దారం చూపించాడు. గట్టిది, మంచిది. రాగ్న పక్కదాని మీద చెయ్యి వేసింది. ప్రతి పది మీటర్లకీ రంగు మారేది. నీలం, ఎరుపు, పచ్చ, పసుపు.

"అది ఒక రకం తక్కువ వదినా. నేనైతే బూడిదదే తీసుకుంటా."

"మీ అన్నయ్యకి అంకెలు కూడా రావట్లేదు. ఎంత లోతులో ఉందో ఎలా చెప్తాడు? రంగు కనబడితే చాలుగా. నోరు తెరవక్కర్లేదు."

హోకన్ అటు తిరిగి పొట్లం కట్టడం మొదలుపెట్టాడు. కట్టిందే మళ్లీ కట్టాడు.

ఇంట్లో బల్ల మీద ఆమె అన్నీ పరిచింది. కర్ర. బెల్టు. దారం. పెళ్లి సారె చూపించినంత సంబరంగా చూపించింది. సీవర్ట్ కర్రని తట్టి చూశాడు. కొస వంచి చూశాడు. కళ్లలో ఏదో కదిలింది.

తర్వాత రీలు పెట్టె తెరిచాడు.

పిడి ఎటువైపుందో చూశాడు.

"వద్దు."

"చూడు, ఎంత తేలిగ్గా తిరుగుతుందో... హోకన్ అన్నాడు..."

"వద్దు!"

అతను ఎడమ చేత్తో తన కుడి చేతిని ఎత్తాడు. బల్ల మీద, రీలు పక్కన పెట్టాడు. పెట్టి, ఆమె వంక చూశాడు.

అప్పుడు అర్థమైంది ఆమెకి.

చలికాలమంతా, ప్రతి పొద్దునా, అతను ఒక ఉన్ని బంతిని ఆ చేతిలో పెట్టుకుని నొక్కేవాడు. వేళ్లు ముడుచుకునేవి కావు. అయినా నొక్కేవాడు. ఎదురు చూసేవాడు. ఇప్పుడీ రీలు వచ్చి, ఇక ఎదురు చూడకు అని చెప్పింది. రాగ్న కర్ర బరువు చూసింది, దారం లావు చూసింది, నీటి వాలు కూడా ఆలోచించింది. ఈ ఒక్కటీ చూడలేదు.

సామాన్ల గదిలోకి వెళ్లి, ఎండు చేపల మధ్య నిలబడి ఏడ్చింది. తన మీద కోపంతో ఏడ్చింది. అతని మీద జాలితో ఏడ్చింది. జాలి పడ్డానని తెలిసి ఇంకాస్త ఏడ్చింది.

పొద్దున్నే రీలు తిరిగి ఇచ్చేద్దామని వంటింట్లోకి వచ్చింది.

టిక్. టిక్. టిక్.

సీవర్ట్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఖాళీ రీలుని ఎడమ చేత్తో తిప్పుతున్నాడు. కుడి చెయ్యి పక్కనే పడుకుని ఉంది, దాని వేళ్ల మధ్య ఉన్ని బంతి. అతను ఆమె వంక చూడలేదు. దారం ఉండని మాత్రం ఆమె వైపు తోశాడు.

రీలుకి దారం ఎక్కించడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు ఉండ పట్టుకోవాలి. తడి గుడ్డతో దారాన్ని నొక్కి పట్టి, బిగువు వదలకుండా, కొంచెం కొంచెం ఇవ్వాలి. ఇంకొకరు చుట్టాలి. వదులుగా ఎక్కిన దారం సముద్రంలో చిక్కు పడుతుంది.

ఆమె బల్లకి ఈ చివర కూర్చుంది. అతను ఆ చివర.

నీలం వెళ్లింది. ఎరుపు వెళ్లింది. పచ్చ వెళ్లింది...

"గట్టిగా," అన్నాడు.

"గట్టిగానే పట్టుకున్నా మహానుభావా. నువ్వు చుట్టు."

అతను నవ్వాడు. సగం ముఖమే నవ్వింది. ఆమెకి ఆ సగం చాలనిపించింది.

పడవ ఆదివారం బయల్దేరింది.

రాగ్న చుక్కాని పట్టింది. బెల్టు తనే బిగించింది. కొండల నీడ దాటాక ఎండ ముఖం మీద పడింది. ఒకప్పుడు వాళ్ల నాన్న చేపలు పట్టడానికి ఆగే చోటే సీవర్ట్ చెయ్యెత్తాడు. ఆమె ఇంజను ఆపింది. కాఫీ పోసింది. మెత్తటి వాఫుల్ అట్టు మీద గోధుమరంగు జున్ను పెట్టి ఇచ్చింది.

ఎర దిగింది. రంగులు ఒకదాని వెనక ఒకటి నీళ్లలోకి దిగాయి. అతను వాటిని చూశాడు. సరైన రంగు దగ్గర ఆపాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు.

అతను కూర్చున్న తీరు ఆమె చూసింది. ఆ భుజాలు. ఆ మెడ. ఎప్పటి సీవర్టే.

కర్ర కొస ఒకసారి తల వంచింది.

అతను కదల్లేదు. ఆవిడని తిననివ్వాలి. తొందరపడితే ఉమ్మేస్తుంది. ఇంకోసారి వంచింది. మెల్లిగా, బరువుగా. అప్పుడు అతను నడుముతో, భుజంతో, ఒంటి చేత్తో కర్ర ఎత్తాడు.

అడుగున ఏదో లేచింది.

దారం పరిగెత్తింది. కర్ర వంగింది. ఇంకా వంగింది. కొస నీళ్లలో మునిగింది. దారాన్ని ఆపి పట్టే రీలు బ్రేకు మరీ బిగుసుకుని ఉంది, కాస్త వదులు చెయ్యాలి, లేకపోతే దారం తెగుతుంది. చెయ్యాలంటే చెయ్యి కావాలి. ఎడమ చెయ్యి కర్రని పట్టుకుని ఉంది, వదిలితే కర్ర పోతుంది. కుడి చెయ్యి అలాగే ఉంది.

రాగ్న లేచింది. లేచి ఆగింది.

ఒకరి కర్రని ఇంకొకరు ముట్టుకోరు. అడిగితే తప్ప ముట్టుకోరు. అడగకుండా ముట్టుకుంటే ఆ చేప అతనిది కాదు. ఈ ఒక్కటీ అతని దగ్గర్నుంచి ఆమె తీసుకోదలచుకోలేదు. చేతులు రెండూ ఒకదానిలో ఒకటి బిగించుకుని నిలబడింది.

పిలు, అనుకుంది. నన్ను పిలు.

అతని నోరు తెరుచుకుంది. పెదాలు కదిలాయి. మెడ నరాలు పొంగాయి. పడవలో చెంచా లేదు, బల్ల లేదు. ఏదో మాట గొంతులో దొర్లింది, పైకొచ్చింది, జారింది, మళ్లీ పైకొచ్చింది...

"హాలిబట్!"

సీవర్ట్ వాళ్ల నాన్న పడవ అది. ఎన్నడూ, ఎవ్వరూ, ఆ మాట అందులో పలకలేదు. సీవర్ట్ కళ్లు పెద్దవయ్యాయి. ఏం అన్నాడో అతనికి తెలిసింది. భయంతో నీళ్ల వంక చూశాడు. ఆమె కూడా చూసింది. దారం ఆగింది... ఆగి ఉంది. ఆవిడ విన్నదో లేదో.

రాగ్న విన్నది.

ఆ మాటని కాదు. ఆ గొంతుని. వంటింటి దాకా వచ్చే గొంతు అది. ఆ ఊపు, ఆ విసురు, చివర ఆ చిన్న కోపం. ఇన్నేళ్లూ ఆ గొంతు మీద ఒక్క పేరే వచ్చేది. ఇవాళ దాని మీద ఇంకో పేరు వచ్చింది. పిలిచింది మాత్రం తననే.

"ఆఁ!" అంది గట్టిగా. పేరు పెట్టి పిలిస్తే పలికినట్టే పలికింది. "వచ్చా."

అతను తల అడ్డంగా ఊపాడు. కాదు, అది కాదు, ఆ పేరు కాదు అన్నట్టు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తెలుసులే," అంది. "నన్నేగా."

వంగి, బ్రేకుని కొంచెం వదులు చేసింది. ఇంకొంచెం. ఆమె ముఖం అతని ముఖానికి దగ్గరగా ఉంది. అతను ఊపిరి పీల్చుకున్నాడు. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అదే మాట వచ్చింది, ఈసారి మెల్లిగా, భయం లేకుండా, ఆమె వంకే చూస్తూ.

"ఆఁ," అంది రాగ్న.

పడవ చెక్కల కింద నీళ్లు గలగలమన్నాయి. దారం మళ్లీ కదిలింది. నీలం వెళ్లింది, ఎరుపు వెళ్లింది. అతను పిలుస్తూనే ఉన్నాడు. ఆమె పలుకుతూనే ఉంది.